గడువు తీరిన డొమైన్ పేరు ఎవరి చేతికి వెళుతుంది?

పోయిన దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊరికి వచ్చిన పాత స్నేహితులం నలుగురం విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతున్నాం. ఒకడు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. మేం చదువుకున్న హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం వెబ్‌సైటు చిరునామా అది. పన్నెండేళ్ల కిందట తలా కొంత చందా వేసుకుని పెట్టించుకున్నాం. బ్యాచ్‌ల వారీగా గ్రూప్ ఫొటోలు, రిటైరైన మాస్టార్ల వివరాలు, స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లల పేర్లు అందులో ఉండేవి. ఇప్పుడు అదే చిరునామా కొడితే మనకు తెలియని భాషలో జూదం ప్రకటనలు, తిరుగుతున్న స్లాట్ మెషీన్ల బొమ్మలు వస్తున్నాయి.

"ఎవడో హ్యాక్ చేశాడురా" అన్నాడు వాడు. హ్యాక్ ఎవరూ చేయలేదు. డొమైన్ గడువు తీరిపోయింది, మేం డబ్బు కట్టలేదు, ఇంకెవరో ఆ పేరు తీసుకున్నారు. మొదట్లో పేరు రిజిస్టర్ చేసిన మిత్రుడు తన ఆఫీసు మెయిల్ ఇచ్చాడు. అతను ఉద్యోగం మారాక ఆ మెయిల్ మూతపడింది. గడువు గురించి వచ్చిన హెచ్చరికలన్నీ చదివేవాళ్లు లేని ఆ పెట్టెలోకే పోయాయి.

ఆ తర్వాత దీని గురించి అడిగిన వాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అడిగేవాళ్లలో రెండు రకాలవాళ్లు ఉన్నారు. "మా పేరు పోయింది, వెనక్కి వస్తుందా?" అనేవాళ్లు ఒకరు. "ఫలానా మంచి పేరు గడువు తీరిందట, నేను తీసుకోవచ్చా?" అనేవాళ్లు మరొకరు. ఇద్దరికీ జవాబు ఒకే చోట ఉంది. డొమైన్ గడువు తీరడం ఒక్క రోజులో జరిగిపోదు. అది మెట్లు మెట్లుగా సాగుతుంది. పేరు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో తెలిస్తే, దాని మీద ఎవరికి ఎంత హక్కుందో తెలుస్తుంది.

"కొన్నాం" అంటాం గానీ, అది కౌలు

ముందు మూడు మాటలు విడదీసుకోవాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. డొమైన్ పేరు అంటే ఇంటి చిరునామా. హోస్టింగ్ అంటే ఇల్లు కట్టుకునే స్థలం. వెబ్‌సైటు అంటే ఆ ఇల్లు, అందులోని సామాను. మా సంఘం హోస్టింగ్‌కు ఏటా డబ్బు కడుతూనే ఉంది. మా ఫొటోలన్నీ ఇప్పటికీ భద్రంగానే ఉన్నాయి. పోయింది చిరునామా ఒక్కటే. జనం మాత్రం చిరునామా పట్టుకునే వస్తారు కాబట్టి, వాళ్ల దృష్టిలో మొత్తం పోయినట్టే.

డొమైన్ పేర్ల వ్యవస్థలో మనతో కలిపి నాలుగు అంచెలు ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఐకాన్ అనే సంస్థ ఉంది. 1998లో అమెరికాలో లాభాపేక్ష లేకుండా ఏర్పడింది, నియమాలు పెడుతుంది. దాని కింద రిజిస్ట్రీలు. చిరునామా చివర ఉండే డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి ముక్కను తోక అందాం. ఒక్కో తోకకు ఒక్కో రిజిస్ట్రీ ఉంటుంది. డాట్ కామ్, డాట్ నెట్ పేర్ల అసలు దస్త్రం వెరిసైన్ దగ్గర ఉంటుంది. మన డాట్ ఇన్ దస్త్రం నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా చూస్తుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ అని ముగిసే చిరునామాలూ నిక్సీ కిందివే. రిజిస్ట్రీ మనతో నేరుగా వ్యవహరించదు. మధ్యలో రిజిస్ట్రార్ ఉంటాడు. మనం కార్డుతో, యూపీఐతో డబ్బు కట్టేది ఇతనికే. నాలుగో అంచె మనం, పేరు ఎవరి మీద రాసి ఉంటే వాళ్లు.

డబ్బు కూడా ఈ దారిలోనే పైకి పోతుంది. 2024 సెప్టెంబరు నుంచి ఒక డాట్ కామ్ పేరుకు ఏడాదికి వెరిసైన్ తీసుకునేది 10.26 డాలర్లు. డాలరు 85 రూపాయలు అనుకుంటే సుమారు 870 రూపాయలు. ఐకాన్‌కు కొన్ని సెంట్లు పోతాయి. ఆ పైన వసూలు చేసేది రిజిస్ట్రార్ ఖర్చులు, లాభం. మొదటి ఏడాది 99 రూపాయలకే ఇస్తామనే ప్రకటనల్లో మిగతాది రిజిస్ట్రారే భరిస్తాడు. రెండో ఏడాది నుంచి రాబట్టుకుంటాడు.

డాట్ కామ్ పేరును ఒకేసారి పదేళ్లకు మించి తీసుకోవడం కుదరదు. శాశ్వతంగా అమ్మే పద్ధతే లేదు. పొలాన్ని కౌలుకు తీసుకున్న రైతుకు ఆ ఏడు పంట మీద పూర్తి హక్కు ఉంటుంది, భూమి మీద ఉండదు. ఇదీ అంతే. తేడా ఒకటుంది. ఇక్కడ కౌలు కడుతున్నంత కాలం రేపటి నుంచి నువ్వొద్దని ఊరికే పంపించేయరు. కట్టడం ఆపితే మాత్రం పేరు పైవాళ్ల చేతిలోకి వెళ్లడం మొదలవుతుంది.

జనవరి 10న గడువు తీరిందనుకుందాం

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి డాట్ కామ్ పేరు పెట్టుకుని హైదరాబాదు, బెంగళూరు నుంచి ఆర్డర్లు తీసుకుంటున్నాడనుకుందాం. దాని గడువు జనవరి 10. ఆయన సంగతి ఏమవుతుందో రోజుల వారీగా చూద్దాం.

గడువుకు ముందే ఆయనకు కనీసం రెండు హెచ్చరికలు రావాలి. సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి. గడువు తీరాక అయిదు రోజుల్లోగా మూడోది. 2013 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉన్న ఐకాన్ విధానం దీన్ని రిజిస్ట్రార్లకు తప్పనిసరి చేసింది. అయితే పంపడం వరకే వాళ్ల బాధ్యత. మెయిల్ పాతదైతే, స్పామ్‌లో పడితే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

జనవరి 10 దాటింది. ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం జరుగుతుంది. వ్యాపారి డబ్బు కట్టకపోయినా రిజిస్ట్రీ తనంతట తానే ఆ పేరును ఇంకో ఏడాదికి పొడిగించేసి, రిజిస్ట్రార్ ఖాతాలోంచి డబ్బు తీసుకుంటుంది. రిజిస్ట్రార్ 45 రోజుల్లోగా ఆ పేరును తొలగిస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. అందుకే ఈ దశలో వివరాలు వెతికి చూస్తే గడువు తేదీ వచ్చే ఏడాది జనవరి 10 అని కనిపించవచ్చు. "మనవాళ్లెవరో కట్టేసినట్టున్నారు" అని ఊరుకునే వాళ్లను నేను చూశాను. మేమూ అలాగే ఊరుకున్నాం. ఆ తేదీ రిజిస్ట్రీకి, రిజిస్ట్రార్‌కు మధ్య ఉన్న లెక్క. మనం కట్టామా లేదా అన్నది రిజిస్ట్రార్ దగ్గరున్న మన ఖాతాలోనే తెలుస్తుంది.

ఈ 45 రోజుల్లో ఏదో ఒక దశలో వెబ్‌సైటు ఆగిపోతుంది. దాని స్థానంలో ప్రకటనల పేజీ వస్తుంది. మెయిళ్లూ ఆగుతాయి. ఇది ఒక రకంగా మంచిదే. సైటు ఆగితేనే యజమాని మేలుకుంటాడని, పేరు తొలగించే ముందు కనీసం ఎనిమిది రోజులు దాని పాత దారి మూసి ఉంచాలని ఆ విధానంలోనే ఉంది. ఇప్పుడు కట్టినా చాలామంది రిజిస్ట్రార్లు మామూలు రెన్యూవల్ ధరకో, కొంచెం ఎక్కువకో పేరు తిరిగి ఇచ్చేస్తారు.

పూర్తి 45 రోజులూ ఆగితే ఫిబ్రవరి 24 వస్తుంది. అప్పుడు రిజిస్ట్రార్ పేరును తొలగిస్తాడు. అయినా అది వెంటనే పోదు. రిడెంప్షన్ అనే 30 రోజుల దశ మొదలవుతుంది. పాత యజమానికి ఇదే చివరి అవకాశం. వేరెవరూ ముట్టుకోలేరు. కానీ ఖర్చు పెరుగుతుంది. డాట్ కామ్‌కు రిజిస్ట్రీ వసూలు చేసే పునరుద్ధరణ రుసుమే 40 డాలర్లు, అంటే 3,400 రూపాయల దాకా. దాని మీద రిజిస్ట్రార్ తన వంతు కలుపుతాడు, రెన్యూవల్ వేరు. 900 రూపాయల పని ఏడెనిమిది వేలకు చేరడం మామూలే.

మార్చి 26న రిడెంప్షన్ ముగుస్తుంది. తర్వాతి అయిదు రోజుల దశ పేరు పెండింగ్ డిలీట్. ఈ అయిదు రోజుల్లో యజమాని ఎంత బతిమాలుకున్నా, ఎంత డబ్బు ఇస్తానన్నా ఎవరూ ఏమీ చేయలేరు. మార్చి 31న పేరు దస్త్రంలోంచి చెరిగిపోతుంది. ఆ క్షణం నుంచి ప్రపంచంలో ఎవరైనా దాన్ని కొత్త పేరులా రిజిస్టర్ చేసుకోవచ్చు.

మొత్తం 80 రోజులు. ఇది గరిష్ఠం మాత్రమే. మొదటి 45 రోజుల్లో ఎన్ని రోజులు ఆగాలన్నది రిజిస్ట్రార్ ఇష్టం. డాట్ ఇన్‌కు కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి గానీ, మన చేతిలో ఉండే రోజులు రిజిస్ట్రార్‌ను బట్టి మారతాయి. దేశాల తోకలన్నిటికీ ఒకే పద్ధతి లేదు. బ్రిటన్ డాట్ యూకే పేరు గడువు తీరాక 92వ రోజున రద్దవుతుంది. కాబట్టి ఎవరైనా "80 రోజులు ఆగు, నీదే" అంటే ఏ తోక గురించి మాట్లాడుతున్నారో ముందు అడగాలి.

మంచి పేరు మార్చి 31 దాకా ఆగదు

పైన చెప్పింది పుస్తకంలో ఉండే క్రమం. పలాస వ్యాపారి పేరుకు నిజంగా గిరాకీ ఉంటే కథ మధ్యలోనే మలుపు తిరుగుతుంది.

పెద్ద రిజిస్ట్రార్లు చాలామంది గడువు తీరిన పేర్లను తొలగించరు. తామే వేలం వేస్తారు, లేదా వేలం సంస్థలకు అప్పగిస్తారు. గడువు తీరిన మూడు, నాలుగు వారాలకే, అంటే పేరు ఇంకా మొదటి దశలో ఉండగానే వేలం మొదలవుతుంది. పాడుకున్నవాళ్ల పేరు మీదికి నేరుగా మారిపోతుంది. రిడెంప్షన్, పెండింగ్ డిలీట్ అన్నవే రావు. దీనికి అనుమతి మనం రిజిస్టర్ చేసేటప్పుడు చదవకుండా టిక్కు పెట్టిన ఒప్పందంలోనే ఉంటుంది.

మన ఊళ్లలో బంగారం తాకట్టు తెలియని ఇల్లు ఉండదు. గడువు దాటితే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం. పద్ధతి అదే, ఒక ముఖ్యమైన తేడా ఉంది. బంగారం వేలంలో అప్పు, వడ్డీ, ఖర్చులు పోను మిగిలింది తాకట్టు పెట్టినవాడికి తిరిగి ఇవ్వాలి. డొమైన్ వేలంలో సాధారణంగా పాత యజమానికి ఏమీ రాదు. 900 రూపాయలు బాకీ పడిన పేరు లక్షకు పోయినా ఆ లక్ష రిజిస్ట్రార్‌కు, వేలం సంస్థకు పోతుంది. నా దృష్టిలో ఈ వ్యవస్థలో ఎక్కువ ప్రశ్నించాల్సిన చోటు ఇదే. రెన్యూవల్ గుర్తు చేయాల్సినవాడూ, మనం మరిచిపోతే లాభపడేవాడూ ఒక్కడే. రిజిస్ట్రార్ల వాదన ఏమిటంటే, హెచ్చరికలు పంపాం, సైటు ఆపాం, ఇంకా రాకపోతే ఆ పేరు వద్దనుకున్నట్టే కదా అని. వేలం జరుగుతుండగా పాత యజమాని వచ్చి కట్టేస్తే చాలా చోట్ల వేలం రద్దు చేసి పేరు తిరిగి ఇచ్చేస్తారు. ఆ వెసులుబాటు ఉన్న మాట నిజమే. కానీ అది ఎన్ని రోజులు ఉంటుందో సామాన్యుడికి తెలియదు.

వేలంలో వచ్చిన పేరుకు ఒక లక్షణం ఉంది. దాని పుట్టిన తేదీ మారదు. 2009లో రిజిస్టరైన పేరు వేలంలో కొంటే రికార్డులో 2009 అనే ఉంటుంది. పూర్తిగా చెరిగిపోయాక కొత్తగా తీసుకుంటే తేదీ కూడా కొత్తదే.

రాలే పేరును పట్టుకునే పరుగు

వేలంలో ఎవరూ పాడని పేర్లు చివరి దాకా వెళ్లి రాలిపోతాయి. డాట్ కామ్‌లో రోజూ పదుల వేల పేర్లు ఇలా రాలతాయి. అమెరికా మధ్యాహ్నం వేళ ఇది జరుగుతుంది, మన గడియారంలో దాదాపు అర్ధరాత్రి. ఏ రోజు రాలుతుందో ముందే తెలుస్తుంది గానీ, ఏ సెకనులో అన్నది తెలియదు.

ఇక్కడ మనిషి వేగం పనికిరాదు. పేరు చెరిగిన క్షణంలోనే దాన్ని రిజిస్టర్ చేయమని కంప్యూటర్లు రిజిస్ట్రీని అడుగుతూ ఉంటాయి. ఒక్కో రిజిస్ట్రార్ రిజిస్ట్రీని ఎన్ని దారుల్లో అడగవచ్చో ఒక పరిమితి ఉంది. దాన్ని దాటడానికి ఈ వ్యాపారంలో ఉన్న సంస్థలు వందల కొద్దీ రిజిస్ట్రార్ గుర్తింపులు తీసుకుని పెట్టుకున్నాయి. ఒకే యజమాని, వందల కిటికీలు. తత్కాల్ టికెట్ కోసం ఒక మనిషి ఒక ఫోన్‌తో కూర్చోవడానికీ, ఒక ఆఫీసు నిండా ఫోన్లు పెట్టుకుని కూర్చోవడానికీ ఉన్న తేడా ఇది.

మామూలు మనిషికి ఉన్న దారి బ్యాక్ ఆర్డర్. అంటే ఆ సంస్థకే ముందుగా చెప్పుకోవడం. "ఈ పేరు రాలితే నా తరఫున పట్టండి" అని. దొరికితేనే డబ్బు తీసుకునే సంస్థలు ఉన్నాయి, ముందే తీసుకునేవీ ఉన్నాయి. అదే పేరుకు అదే సంస్థలో ఇద్దరు చెప్పుకుంటే మళ్లీ వాళ్లిద్దరి మధ్య వేలమే. బ్యాక్ ఆర్డర్ అంటే బుకింగ్ కాదు, ప్రయత్నం మాత్రమే. ఈ ఒక్క మాట అర్థంకాక డబ్బు కట్టి మోసపోయామనుకునే వాళ్లు చాలామంది.

ఇంకో ఉదాహరణ చూద్దాం. బొబ్బిలి వీణలు అమ్ముకునే ఒక కుర్రాడికి రెండు పేర్లు నచ్చాయి. ఒకటి ఆంగ్లంలో వీణ అనే ఒక్క మాటతో ఉన్న పేరు. రెండోది బొబ్బిలి, వీణ, తన ఇంటిపేరు కలిసిన పొడుగాటి పేరు, అంతకు ముందు వాళ్ల చిన్నాన్న వాడి వదిలేసింది. మొదటి దాని మీద ప్రపంచంలో వందల కళ్లు ఉంటాయి. అది రాలే దాకా రాదు, వేలంలో లక్షలు పలుకుతుంది. రెండోది ఎవరికీ అక్కర్లేదు. వేలంలో ఎవరూ పాడరు, రాలినప్పుడు ఏ కంప్యూటరూ పట్టుకోదు. మర్నాడు పొద్దున్న టిఫిన్ చేసి నింపాదిగా కూర్చున్నా మామూలు ధరకే దొరుకుతుంది. రాలే పేర్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే. బ్యాక్ ఆర్డర్లు, వేలాలు అని టెన్షన్ పడాల్సిన పని లేనివి.

ఏ పేరు ఏ మెట్టు మీద ఉందో చూసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ఐకాన్ వెబ్‌సైటులోనే వెతికే చోటు ఉంది. పూర్వం దీన్ని హూయిజ్ అనేవారు. 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ లాంటి తోకలకు దాని స్థానంలో ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. 2018లో ఐరోపా గోప్యతా చట్టం అమల్లోకి వచ్చాక యజమాని పేరు, ఫోన్ ఎక్కువగా దాచేస్తున్నారు. స్థితి మాత్రం దాచరు. రిడెంప్షన్ పీరియడ్, పెండింగ్ డిలీట్ అని అక్కడే రాసి ఉంటుంది.

పాత పేరు మీద అంత మోజు ఎందుకు

కొత్త పేరు 900 రూపాయలకు దొరుకుతుంటే ఎవరో వాడి పారేసిన దాని కోసం ఇంత పరుగెందుకు? పేరే బాగుండటం ఒక కారణం. చిన్న మాటలు, నోరు తిరిగే మాటలు ఎప్పుడో అయిపోయాయి. ఆ మోజులో తప్పేమీ లేదు.

రెండో కారణం పేరు వెనుక మిగిలిపోయిన పరపతి. మా స్కూలు సైటుకు జిల్లాలోని ఇతర బడుల పేజీల నుంచి, పాత పత్రికా వార్తల నుంచి లింకులు ఉండేవి. ఒక సైటును నమ్మొచ్చా అని గూగుల్ తేల్చుకోవడంలో అలాంటి లింకులకు పెద్ద పాత్ర ఉంది. మేం పదేళ్లు కూడబెట్టిన ఆ మంచిపేరు కోసమే జూదం వాళ్లు ఆ చిరునామా తీసుకున్నారు. స్లాట్ మెషీన్ సైటు కొత్త పేరుతో మొదలుపెడితే వెతుకులాటలో పైకి రావడానికి ఏళ్లు పడుతుంది. బడి పేరు తొడుక్కుంటే త్వరగా వస్తుంది.

ఇది ఎంత విస్తరించిందంటే 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల్లో దీన్ని విడిగా చేర్చింది. గడువు తీరిన పేరును దాని పాత పరపతి కోసమే కొని, పనికిరాని సరుకు పెట్టడాన్ని దుర్వినియోగంగా లెక్కిస్తామని చెప్పింది. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, ఒకప్పటి ప్రాథమిక పాఠశాల సైటు మీద జూదం సమాచారం. అది చదివినప్పుడు మా స్కూలే కళ్ల ముందు కనిపించింది. పాత పేరును మంచి పనికి, జనానికి ఉపయోగపడే సైటుకు వాడుకోవడంలో అభ్యంతరం లేదని కూడా గూగుల్ అక్కడే చెప్పింది.

పరపతితో పాటు పాపమూ సంక్రమిస్తుంది. ఒకప్పుడు స్పామ్ మెయిళ్లు పంపిన పేరైతే కొత్త యజమాని మెయిళ్లు కూడా అవతలివాళ్ల స్పామ్‌లోకే పోతాయి. పేరు ఎంత అందంగా ఉన్నా గతం తెలియకుండా విలువ కట్టడం కుదరదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి వెబ్ పేజీల పాత నకళ్లు దాస్తోంది. చాలా పేర్లకు ఏ ఏడాది ఏం ఉండేదో అక్కడ కనిపిస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం మెయిల్

వెబ్‌సైటు పోతే పరువు పోతుంది. మెయిల్ పోతే ఇంకా చాలా పోతాయి. డొమైన్ ఎవరిదైతే ఆ పేరుతో ఉన్న ప్రతి మెయిల్ చిరునామా వాళ్లదే. పాత ఉత్తరాలు వాళ్లకు కనిపించవు. కానీ ఇక మీదట వచ్చేవన్నీ వాళ్ల పెట్టెలో పడతాయి. ఆ మెయిల్‌తో తెరిచిన ఖాతాకు "పాస్‌వర్డ్ మరిచిపోయాను" అని నొక్కితే మార్చుకునే లింకు కూడా అక్కడికే వస్తుంది. 2018లో ఆస్ట్రేలియాలో ఒక భద్రతా పరిశోధకుడు లాయర్ల సంస్థలు వదిలేసిన పేర్లను తీసుకుని, ఎంత రహస్య సమాచారం తన చేతిలోకి వచ్చి పడుతుందో నిరూపించి చూపించాడు.

పెద్దవాళ్లూ మరిచిపోతారు. 1999 క్రిస్మస్ ముందురోజు మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు రెన్యూవల్ కట్టలేదు. దాని మీద ఆధారపడిన హాట్‌మెయిల్ తెరుచుకోక జనం ఇబ్బంది పడుతుంటే మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి సాయం చేశాడు. 2024లో ఇంకా పెద్ద సంగతి బయటపడింది. డాట్ మొబి రిజిస్ట్రీ తాను వాడటం మానేసిన ఒక పాత పేరును వదిలేసింది. వాచ్‌టవర్ అనే సంస్థ పరిశోధకులు దాన్ని 20 డాలర్లకు తీసుకున్నారు. లక్షకు పైగా కంప్యూటర్ వ్యవస్థలు, వాటిలో ప్రభుత్వ సంస్థలవీ ఉన్నాయి, ఆ పాత చిరునామానే ఇంకా అసలుదని నమ్మి సమాచారం అడుగుతున్నాయని తేలింది. డొమైన్లను నడిపే రిజిస్ట్రీకే అలా జరిగింది.

ఇప్పుడు మన బ్యాంకుల సంగతి. నకిలీ సైట్ల మోసాలు తగ్గించడానికి బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే తోకకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాదులో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. ఎవరు పడితే వాళ్లు తీసుకోలేరు. ఇది నిజంగా మంచి మార్పు. దానికి ముందే 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పింఛను, పంట రుణం అంటే గుర్తొచ్చే వికాస్ బ్యాంకు కూడా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఇలా పేరు మారిన ప్రతిసారీ ఒక పాత వెబ్ చిరునామా వెనకబడుతుంది. పాస్‌బుక్కుల మీద, గోడల మీద, మన ఫోన్ల బుక్‌మార్కుల్లో అది ఇంకా ఉంటుంది. దాన్ని ఎవరూ వాడకపోయినా ఏటా కౌలు కడుతూ అట్టే పెట్టుకోవడం ఖర్చు కాదు, కాపలా.

ఇది న్యాయమా అంటే

పేర్లు కొని అమ్మేవాళ్లు చెప్పే మాటలో బలం ఉంది. ముందు వచ్చినవాడికి ముందు అన్న సూత్రం మీదే ఈ వ్యవస్థ నిలబడింది. ఎవరూ వాడని పేరు అలా పడి ఉండటం కన్నా కావాల్సినవాడికి చేరడం మేలు. 80 రోజుల గడువు, మూడు హెచ్చరికలు ఇచ్చాక కూడా రాని యజమాని కోసం ప్రపంచం ఎంతకాలం ఆగాలి? అదీ సబబైన ప్రశ్నే.

రెండో వైపు చిన్న సంస్థలు ఉన్నాయి. గుడి కమిటీలు, గ్రంథాలయాలు, మా లాంటి సంఘాలు. కార్యదర్శి రెండేళ్లకోసారి మారతాడు. పాస్‌వర్డ్ ఒకరి డైరీలో, కార్డు ఇంకొకరిది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి నెలలో గడువు వచ్చినవాడిని "హెచ్చరిక పంపాం కదా" అనడం ఎలా? పేరు పోయినందుకు నష్టపోయేది యజమాని ఒక్కడే అయితే అతని అజాగ్రత్త అనుకోవచ్చు. ఆ పేరును నమ్మి వచ్చేవాళ్లు కూడా నష్టపోతారు, వాళ్ల తప్పు ఏమీ లేదు.

నా మట్టుకు పేరు చేతులు మారడంలో అన్యాయం లేదు, పాత యజమాని వేషంలో నడవడంలో ఉంది. ఈ రెండింటినీ కలిపి తిట్టినా, కలిపి సమర్థించినా సరిగా ఉండదనిపిస్తుంది.

చట్టం ఎంతవరకు వస్తుంది

డొమైన్ పేరు కేవలం చిరునామా కాదని, వ్యాపార చిహ్నంలా రక్షణకు అర్హమని మన సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. సత్యం ఇన్ఫోవే వాడుకునే సిఫీ అనే పేరును పోలిన పేరుతో మరో సంస్థ వ్యాపారం చేయడం మీద వచ్చిన తగాదా అది. కోర్టు కాక వేరే దారులూ ఉన్నాయి. డాట్ కామ్‌కు 1999లో ఐకాన్ పెట్టిన యూడీఆర్‌పీ అనే విధానం, డాట్ ఇన్‌కు నిక్సీ మధ్యవర్తిత్వ విధానం.

రెండింటిలోనూ ఫిర్యాదుదారు మూడు చూపించాలి. ఆ పేరు తన చిహ్నాన్ని పోలి ఉందని, అవతలివాడికి దాని మీద సరైన హక్కు లేదని, దురుద్దేశం ఉందని. మూడోదానిలో చిన్న తేడా పెద్ద ప్రభావం చూపుతుంది. డాట్ కామ్‌లో దురుద్దేశంతో రిజిస్టర్ చేశాడనీ, దురుద్దేశంతో వాడుతున్నాడనీ రెండూ నిరూపించాలి. డాట్ ఇన్‌లో ఏదో ఒకటి చాలు. మేం పొరపాటున మరిచిపోయాం అన్నది మాత్రం రెండు చోట్లా దానంతటదే వాదన కాదు. జీడిపప్పు, వీణ లాంటి మామూలు మాటల మీద ఎవరికీ గుత్తహక్కు రాదు.

ఖర్చు చూస్తే, ఇలాంటి తగాదాలు తేల్చే జెనీవాలోని వైపో, అంటే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దగ్గర ఒక్క మధ్యవర్తితో కేసు వేయడానికి రుసుమే 1,500 డాలర్లు, లక్షా పాతిక వేల పైమాట. ట్రేడ్ మార్కు లేని పూర్వ విద్యార్థుల సంఘానికి అది దారి కాదు.

మా సంఘం ఏం చేసిందో చెబుతాను. సంఘం పేరు మీదే కొత్త డాట్ ఇన్ పేరు తీసుకున్నాం, అయిదేళ్లకు. ఖాతాకు ముగ్గురి మెయిళ్లు, ఇద్దరి ఫోన్లు కలిపాం. పాత ఫొటోలు అందులోకి ఎక్కాయి. స్కూలు గేటు పక్క గోడ మీద పెయింటుతో రాసి ఉన్న పాత చిరునామా మీద సున్నం వేయించాం. స్కాలర్‌షిప్ సర్టిఫికెట్ల మీద అచ్చయినది అలాగే ఉంది, పిల్లలకు ఫోన్ చేసి చెప్పాం. ఇలాంటి జూదం సైట్లకు పరపతి అరిగిపోతే పేరును వదిలేసే అలవాటుందని విన్నాం. రికార్డు ప్రకారం మా పాత పేరు గడువు వచ్చే ఆగస్టులో ఉంది. బ్యాక్ ఆర్డర్‌కు కొంత డబ్బు పక్కన పెట్టాం. ఆగస్టు నుంచి వారానికోసారి స్థితి చూసి గ్రూపులో పెట్టే పని నాకు అప్పగించారు.